చొక్కా తొడుక్కుని ఎదురొచ్చే మనిషి

ఈమధ్య ఒక ఉదయం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల ఒక అమ్మాయి. నాతో ఒకప్పుడు పనిచేసిన కుర్రాడెవరో అప్పు తీసుకుని కట్టడం మానేశాడట. తీసుకునేటప్పుడు తెలిసినవాళ్ళ నంబర్లలో నాదీ ఇచ్చాడట. "మీ ఫ్రెండు డబ్బులు ఎగ్గొట్టి తిరుగుతున్నాడు. మీకు సిగ్గుగా లేదా సార్?" అని మొదలుపెట్టింది. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంది, ఊపిరైనా తీసుకోవడం లేదు. ఎక్కడో ఒకచోట ఆగింది. అప్పుడు నా నోటి వెంట అనుకోకుండా ఒక మాట వచ్చింది.

"అమ్మా, నువ్వు కూర్చుని మాట్లాడుతున్నావా, నిలబడి మాట్లాడుతున్నావా?"

కాసేపటికి "కూర్చునే సార్" అంది. అప్పటిదాకా లేని ఒక మామూలు ఆడపిల్ల గొంతు బయటికి వచ్చింది. ఆ కుర్రాడి కొత్త నంబరు నా దగ్గర లేదని చెప్పాను. నిజంగానే లేదు. "సరే సార్, సారీ" అని పెట్టేసింది.

ఆ ప్రశ్న నాది కాదు. అనకాపల్లిలో నా కొట్టు పక్కన రేకుపెట్టెలు చేసిన ఒక పెద్దాయనది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పూటంతా ఆయనే కళ్ళ ముందు తిరిగాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రైలు స్టేషను వైపు ఒక సందులో నేను ఎస్టీడీ బూతు నడిపేవాణ్ణి. బూతులోనే ఒక పక్క జెరాక్సు మిషను. నా గోడకి ఆనుకునే ఆయన కొట్టు. కొట్టంటే లోపల సామాను, బయట రేకుల చూరు కింద పని. కాలేజీ హాస్టలుకి వెళ్ళే పిల్లల ట్రంకుపెట్టెలు, బియ్యం డ్రమ్ములు, కిరాణా కొట్లకి డబ్బాలు, అన్నీ ఆ చూరు కిందే తయారయ్యేవి. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఇంకెవరో పెద్ద మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుండేవి. పనిలో ఉన్నంతసేపూ బనీను, లుంగీ. నేను బాబాయ్ అనేవాణ్ణి. సందులో సగం మంది భాయ్ అనేవారు. ఆయన అందరినీ 'నాయినా' అనే పిలిచేవాడు, తనకంటే పెద్దవాళ్ళని కూడా.

పెట్టె కొనడానికి ఎవరొచ్చినా మొదట ధర చెప్పేవాడు కాదు. "ఇందులో ఏటి పెడతావు?" అని అడిగేవాడు. ఎస్. రాయవరం నుంచి కూతుర్ని నర్సు ట్రైనింగుకి పంపిస్తున్న ఒక రైతు ఒకసారి వచ్చి, "ఏటి పెడతాది, బట్టలూ పుస్తకాలూ" అన్నాడు. ఈయన పని ఆపి, ఆ పిల్లకి ఆవకాయ ఇష్టమా అని అడిగాడు. ఇష్టమేనట. పెట్టె లోపల ఒక మూల సీసా కదలకుండా చిన్న రేకు గూడు చేసిచ్చాడు. దానికి వేరే డబ్బులు తీసుకోలేదు. కూలీ ఎందుకు తీసుకోలేదని నేనడిగితే, "అడిగింది నేను కదా నాయినా, ఆయన అడగనేదు కదా" అన్నాడు.

ఇలాంటి మనిషికి అప్పులవడం విడ్డూరమేమీ కాదు. జనం సూట్‌కేసులకి అలవాటుపడ్డారు. బియ్యానికి ప్లాస్టిక్కు డ్రమ్ములొచ్చేశాయి. ఇక చేత్తో లాభం లేదని, బీరువాలు కూడా చెయ్యొచ్చని, రేకు వంచే మిషను ఒకటి అప్పు మీద కొన్నాడు. అప్పిచ్చింది మా ఊళ్ళోనే ఉన్న ఒక ప్రైవేటు ఫైనాన్సు. నా జెరాక్సు మిషనూ వాళ్ళ అప్పే. సందులో సగం కొట్లు వాళ్ళ దగ్గరే తెచ్చుకున్నాయి. బెల్లం సీజనులో నాలుగు డబ్బులు ఆడినప్పుడు అందరం కట్టేవాళ్ళం. మిగతా రోజుల్లో వసూలు కుర్రాళ్ళ బైకు చప్పుడు సందు మొదట్లో వినపడితే చాలు, షట్టర్లు సగానికి దిగేవి. ఒకడు విశాఖ వెళ్ళిపోయేవాడు, ఇంకొకడికి ఉన్నట్టుండి జ్వరం వచ్చేది.

ఆయన మాత్రం ఆ చప్పుడు వినగానే సుత్తి కింద పెట్టేవాడు. లేచి, మేకుకి తగిలించిన తెల్ల చొక్కా తీసి తొడుక్కునేవాడు. మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. తడి గుడ్డతో చేతులు తుడుచుకుని సందులోకి నాలుగడుగులు ఎదురెళ్ళేవాడు.

"రండి నాయినా, రండి. ఈ నెల ఇవ్వాల్సింది ఇంకా పూర్తిగా ఇవ్వనేదు నేను. రండి, కూకోండి."

ఆ మాట సందు మొత్తానికీ వినపడేది. వసూలు కుర్రాళ్ళు నలుగురిలో అనాలని తెచ్చుకున్న మాట అదే. దాన్ని ఆయనే ముందు అనేస్తే వాళ్ళకి అనడానికి ఏమీ మిగిలేది కాదు.

కొత్తగా చేసిన ఒక ట్రంకుపెట్టె బోర్లించి, దాని మీద వాళ్ళని కూర్చోబెట్టేవాడు. నిలబడి మాట్లాడితే ఒప్పుకునేవాడు కాదు. "నిలబడి అప్పడక్కూడదు, నిలబడి జవాబు సెప్పకూడదు. కూకుంటే మడిసి గొంతు దానంతటదే దిగుద్ది" అనేవాడు. వాళ్ళు కూర్చున్నాక తనూ ఎదురుగా ఇంకో పెట్టె మీద కూర్చుని, ఎంత ఇవ్వగలడో అంతే చెప్పేవాడు. ఎప్పటికి అని అడిగితే తనకి నమ్మకమున్న రోజే చెప్పేవాడు. ఒక్కోసారి "ఆ రోజు నాకు తెలవదు నాయినా. తెలిసేక నేనే మీ ఆఫీసుకొచ్చి సెప్తాను" అనేవాడు. అన్నట్టే వెళ్ళేవాడు కూడా.

ఆ చొక్కా సంగతి ఒకసారి అడిగాను. వసూలువాళ్ళకి అంత మర్యాద ఎందుకు బాబాయ్ అని.

"అప్పిచ్చినోడు అల్లుడితో సమానం నాయినా" అన్నాడు, మొహంలో నవ్వు కనపడనీయకుండా. "బనీను మీద ఎదురెల్తే ఆడికేటీ కాదు. తక్కువయ్యేది మనమే."

ఆ కుర్రాళ్ళలో ఎక్కువగా వచ్చేవాడి పేరు సింహాచలం. కోటవురట్ల వైపు పిల్లవాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఈ పనిలో చేరాడు. మొదట్లో మా అందరి మీదా గట్టిగా అరిచేవాడు. ఆయన దగ్గర నాలుగైదుసార్లు పెట్టె మీద కూర్చున్నాక అక్కడ మాత్రం అరవడం మానేశాడు. వచ్చేది వసూలుకే అయినా టీ తాగి వెళ్ళేవాడు. ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, వాళ్ళ నాన్న నడుంనొప్పి ఎలా ఉందని అడిగేవాడు.

ఇదంతా చదివి ఆయన ఇంటివాళ్ళు ఆయనతో సుఖపడ్డారనుకోవద్దు. ఆయన భార్యని పిన్నీ అనేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి చూరు కింద కూర్చునేది. ఒకరోజు విజయనగరం నుంచి ఆవిడ అన్నదమ్ములు వచ్చారు. కాస్త ఉన్నవాళ్ళు. వాళ్ళు కొట్టు దగ్గర కూర్చుని ఉండగానే సింహాచలం బైకు వచ్చింది. పిన్ని ఆయన వైపు ఒక చూపు చూసింది. ఇవాళొక్కరోజు ఊరుకోమని ఆ చూపు. ఆయన లేచాడు, చొక్కా తొడుక్కున్నాడు, మామూలుగానే సందులోకి వెళ్ళి, "రండి నాయినా, ఈ నెల బాకీ ఇంకా ఇవ్వనేదు" అన్నాడు.

అన్నదమ్ములు వెళ్ళాక పిన్ని నా బూతులోకి వచ్చి, ఫోను చేసుకునే దానిలా అద్దం తలుపు వేసుకుని ఏడ్చింది.

"అప్పు దాసుకుంటే కుళ్ళిపోద్దంటారు ఈయన! ఎండలో పెట్టాలంట! అది అప్పు ఒక్కటేనేటి బాబూ, మా పుట్టింటి దగ్గర నా పరువు కూడాను. అది ఎండలో పెట్టమని ఈయనకి ఎవరు సెప్పేరు?"

ఆవిడ కోపం న్యాయమైనదే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆయన నిజం ఆయనకి తేలికగానే ఉండేది. దాని బరువు కొంత ఇంట్లోవాళ్ళు మోసేవారు.

ఇక నా సంగతి. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బూతు ముందు వరసలో నిలబడే రోజులు పోయాయి. సాయంత్రం వేళ హైదరాబాదులో ఉన్న మొగుళ్ళతో గంటలు గంటలు మాట్లాడే ఆడవాళ్ళు కూడా రావడం మానేశారు. జెరాక్సు మీద వచ్చేది కరెంటు బిల్లుకీ అద్దెకీ చాలేది కాదు. వాయిదాలు తప్పాయి. నేనూ అందరిలాగే చప్పుడు వినపడగానే బూతు వెనక ఉన్న ఇరుకు గదిలోకి దూరడం నేర్చుకున్నాను. ఎవరైనా అడిగితే విశాఖ వెళ్ళానని చెప్పమని ఎదుటి పాన్‌షాపువాడికి చెప్పిపెట్టాను. బాబాయికి చెప్పలేదు. చెప్పకుండానే ఆయన నా పక్షమే అనుకున్నాను.

ఒకరోజు సింహాచలం వచ్చాడు. నేను వెనక గదిలో ఉన్నాను. రేకు గోడ కాబట్టి అవతలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"బూతు ఆయనేడి? విశాఖ ఎల్లేడంట కదా?"

సుత్తి ఆగింది. "నేదు నాయినా. లోపలున్నాడు" అన్నాడు బాబాయ్.

ఆ మనిషి అంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. అంతలో రేకు మీద వేళ్ళతో తట్టాడు. "నాయినా, బయటికి రా. మనుషులొచ్చేరు. సొక్కా సరిగ్గా ఏసుకుని రా."

వచ్చాను. ఇంకేం చేస్తాను? సందంతా చూస్తోంది. పాన్‌షాపువాడు తల తిప్పుకున్నాడు. సింహాచలం నోరు తెరవబోయాడు. ఈయన చెయ్యి చూపించి ఆపి, నాకూ ఒక పెట్టె బోర్లించాడు. నా పక్కనే తను కూర్చున్నాడు. నాకు సాయంగా ఏదో చెప్తాడని చూశాను. చెప్పలేదు. చివరికి నేనే నోరు విప్పాల్సి వచ్చింది. కొట్టు నడవడం లేదని, ఈ నెల సగం కూడా ఇవ్వలేనని చెప్పాను. సింహాచలం విసుక్కున్నాడు, నాలుగు మాటలన్నాడు. కూర్చుని ఉన్నాడు కాబట్టి అవి మామూలు మాటల్లాగే వినపడ్డాయి. ఉన్నది తీసుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక ఆయన మీద విరుచుకుపడ్డాను. "నన్ను పట్టిస్తావా బాబాయ్? నీకేం అన్యాయం చేశాను?"

"నేను అబద్దం ఆడితే రేపు ఆడు నా మాట నమ్మడు నాయినా. నా దగ్గర ఆ మాటొక్కటే ఉంది" అన్నాడు. మళ్ళీ సుత్తి అందుకుంటూ, "ఆ గదిలో గాలేనా ఆడదు. అందులో ఎన్నాళ్ళుంటావు?" అన్నాడు.

ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. కానీ మళ్ళీ ఆ గదిలోకి మాత్రం వెళ్ళలేదు.

ఆ తరవాత ఫైనాన్సువాళ్ళు మొండి బాకీల కోసమని విశాఖ నుంచి ఒక కొత్త మనిషిని తెచ్చారు. అతను కొట్లకి రాడు. ఇళ్ళకి వెళ్తాడు. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. ఇంట్లో మా ఆవిడ లక్ష్మి ఒక్కతే ఉంది. నూకాలమ్మ గుడికని మా అమ్మ వెళ్ళింది. వాడు చెప్పులు విప్పకుండా అరుగు మీద కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. "నీ మొగుడు డబ్బు కట్టేదాకా ఇక్కడే ఉంటాను. అన్నం పెడతావా?" అన్నాడట. పక్కిళ్ళవాళ్ళు తొంగిచూస్తుంటే, "మంచి వయసులోనే ఉన్నావు, నువ్వైనా ఏదో ఒక పని చేసి తీర్చొచ్చు కదా" అన్నాడట. ఆ చివరి మాట లక్ష్మి నాకు ఆ రాత్రి గానీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి లోపల గడియ పెట్టుకుని కూర్చుని ఉంది. చాలాసేపు తలుపు తీయలేదు. తీశాక, మనం ఈ ఊరు వదిలి వెళ్ళిపోదాం అంది.

మర్నాడు కొట్టు తీశాను కానీ కాలూ చెయ్యీ ఆడలేదు. వాణ్ణి కొట్టాలనుకున్నాను. కొడితే ఏమవుతుందో కూడా తెలుసు. బాబాయ్ నన్ను చూసి, సుత్తి కింద పెట్టి, "ఏటయ్యింది?" అన్నాడు. అలిగిన సంగతి మర్చిపోయి అంతా చెప్పేశాను.

ఆయన లేచాడు. మేకు మీద చొక్కా తీసి తొడుక్కున్నాడు. శుక్రవారం నమాజుకి తప్ప పనివేళ కొట్టు వదలని మనిషి, రేకులన్నీ లోపలికి జరిపి తాళం వేశాడు. "పద" అన్నాడు.

ఫైనాన్సు ఆఫీసు ముందు గదిలో బెంచీల మీద జనం ఉన్నారు. అప్పుల కోసం వచ్చినవాళ్ళు కొందరు. డిపాజిట్లు వేసుకున్నవాళ్ళు కొందరు. తుమ్మపాల నుంచి వచ్చిన ఒక ముసలాయన వడ్డీ కోసం కూర్చుని ఉన్నాడు. సింహాచలం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. మేనేజరు మమ్మల్ని చూసి, గొడవ పసిగట్టినట్టున్నాడు, లేచి నవ్వుతూ, "రండి భాయ్, లోపల మాట్లాడుకుందాం" అన్నాడు.

"లోపలెందుకండీ? మేం అప్పు లోపల తీసుకోనేదు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే తీసుకున్నాం. మీరూ కూకోండి" అని బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన గొంతు పెంచలేదు. కొట్టు దగ్గర టీ తాగుతూ మాట్లాడినట్టే ఉంది. కానీ గదిలో మిగతా మాటలన్నీ ఆగిపోయాయి.

"ఈ అబ్బాయి మీకు బాకీ. కాదని ఎప్పుడూ అననేదు. నేనూ బాకీయే. నిన్న మీ మడిసి ఈ అబ్బాయి కొట్టుకాడ ఉన్నప్పుడు ఆళ్ళ ఇంటికెల్లేడు. ఆడకూతురు ఒక్కర్తే ఉంటే సెప్పులతో అరుగెక్కి కూకున్నాడు. అనకూడని మాటన్నాడు. ఆ మాట నేను ఇక్కడ అనను. మీరు అతన్నే అడగండి."

మేనేజరు అటూ ఇటూ చూశాడు. "భాయ్, డబ్బులు కట్టకపోతే మేం మాత్రం ఏం చేస్తాం చెప్పండి?"

"కొట్టుకి రండి. రోజూ రండి. తిట్టండి, పడతాం. అప్పు కొట్టు మీద తీసుకున్నాడు, ఇంటి మీద కాదు. ఇల్లు కొట్టు కాదండీ." అని తుమ్మపాల ముసలాయన వైపు తిరిగాడు. "ఏటి పెద్దాయనా, మీ డబ్బు ఈళ్ళ దగ్గరే దాసుకున్నారు కదా. రేపు మీ కోడలు ఒక్కర్తే ఉన్నప్పుడు ఎవడేనా ఇలాగే వత్తే మీకెలాగుంటాది?"

ముసలాయన మేనేజరు వైపు కన్నార్పకుండా చూశాడు. బెంచీ మీద ఉన్న ఇంకో ఆవిడ, "ఇదేం పద్ధతండీ" అంది. మేనేజరు మొహం మారింది.

"సరే భాయ్. ఇంటికి ఎవరూ వెళ్ళరు. మరి బాకీ సంగతి?"

అప్పుడు బాబాయ్ నా వైపు చూశాడు. "ఇక నువ్వు సెప్పు. ఇవ్వగలిగిందే సెప్పు. ఎక్కువ సెప్పకు."

జెరాక్సు మిషను మీరే తీసుకెళ్ళిపోండి అన్నాను. మిగిలిన దానికి, బెల్లం మండీలో గుమస్తాగా చేరుతున్నాను, జీతంలోంచి నెలనెలా ఇంత ఇస్తానని చెప్పాను. నిజానికి మండీ పని గురించి అప్పటికి అడిగాను, అంతే. కానీ ఆ గదిలో, అంతమంది ముందు చెప్పాక ఆ పనిలో చేరక తప్పలేదు. అదే నన్ను నిలబెట్టింది. మేనేజరు సరేనన్నాడు. మళ్ళీ మా అరుగు మీదకి ఎవరూ రాలేదు. లక్ష్మి ఊరు వదిలే మాట ఎత్తలేదు.

కానీ ఆఫీసులో అలా అడగడం ఊరికే పోలేదు. బాబాయికీ కొన్ని వాయిదాలు వెనకబడి ఉన్నాయి. ఎప్పుడూ ఉండేవే. అన్నాళ్ళూ ఓపికపట్టినవాళ్ళకి ఆ వారం ఓపిక అయిపోయింది. ఒక ఉదయం చిన్న లారీ వచ్చి చూరు ముందు ఆగింది. సింహాచలం, నలుగురు కూలీలు దిగారు. సింహాచలం మిషను వైపు చూశాడే తప్ప ఆయన వైపు చూడలేదు.

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. "తీసుకెల్లండి నాయినా, మీదే కదా" అన్నాడు. కూలీలు మిషనుని ఎలా పడితే అలా పట్టుకోబోతే, "అలాగ కాదు, సేతి ఏళ్ళు తెగిపోతాయి" అని, కింద చెక్కలు వేయించి, తనూ ఒక చెయ్యి వేసి ఎక్కించాడు. నేను బూతు గుమ్మంలో నిలబడిపోయాను. అంత బరువైన మిషను ఆయనే సర్ది పంపిస్తుంటే చూడలేకపోయాను.

లారీ కదలబోతుండగా సింహాచలం దగ్గరికి వచ్చాడు. "నా మీద కోపమా బాబాయ్?"

"నీ మీద కోపమెందుకు? నీ ఉద్యోగం. ఒక్కటి సెప్పు. ఆ రోజు ఈ అబ్బాయి ఇంటికెల్లినప్పుడు నువ్వూ ఉన్నావా?"

"ఉన్నాను. బయట, బండి దగ్గర."

ఆయన అతని మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే సింహాచలం ఆ పని మానేసి ఆటో కొనుక్కున్నాడు. ఎందుకు మానేశాడో నేనడగలేదు.

ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాను. నా వల్లే ఇదంతా అని మొదలుపెట్టాను. ఆయన అప్పటికే పాత చేతికత్తెర తీసి పదును పెట్టుకుంటున్నాడు.

"నీ గొడవకి నా మిషను పోనేదు నాయినా. నా బాకీకి పోయింది. రెండూ కలపకు."

పిన్ని గిన్నెలు సర్దుకుంటోంది. "కలిపింది ఆళ్ళే కదా, మాకు తెలవదేటి?" అంది, నా వైపు చూడకుండా. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఇద్దరిలో ఎవరిది నిజమని అడిగితే నేను పిన్నిదే అంటాను. కానీ నన్ను ఆ బరువుతో ఇంటికి పంపకూడదనుకున్నాడు ఆయన. అంతే.

తరవాత బీరువాల మాట ఎత్తలేదు. మళ్ళీ చేత్తోనే పెట్టెలు చేసుకుంటూ, ఆ మిషను అమ్మగా తీరని బాకీ కూడా మెల్లమెల్లగా తీర్చాడు. నేను మండీలో కుదురుకున్నాను. నా బాకీ తీరిన రోజు స్వీట్ల పొట్లం పట్టుకుని వెళ్తే, ఒకటి నోట్లో వేసుకుని, "ఇది బెల్లంతో సెయ్యనేదు, పంచదార" అని విమర్శించాడు. ఇంకేదో గొప్ప మాట అంటాడని నిలబడ్డాను. అనలేదు. మిగతావి సందులోవాళ్ళకి పంచమన్నాడు.

ఆయన పోయింది ఆ దశాబ్దం చివర్లో, ఒక వేసవిలో. ఛాతీలో నొప్పన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. మధ్యాహ్నం వాళ్ళింటి ముందు జనం నిండిపోయారు. మా సందువాళ్ళందరం ఒక పక్కగా నిలబడ్డాం. సింహాచలం ఆటో దూరంగా ఆపి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పిన్ని అన్నదమ్ములు పాడె దగ్గర ఉన్నారు. ఆడవాళ్ళు లోపల గదిలో. గుమ్మానికి తెర కట్టి ఉంది.

పాడె ఎత్తే ముందు మసీదు పెద్ద ముందుకొచ్చి ఉర్దూలో ఏదో చెప్పాడు. తరవాత మా కోసం తెలుగులో చెప్పాడు. "ఈయన ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడు చెప్పండి. ఇంటివాళ్ళు తీరుస్తారు. లేదా మనస్ఫూర్తిగా మాఫీ చెయ్యండి." అది వాళ్ళ పద్ధతి. నాకు అప్పటిదాకా తెలియదు.

బజారులో రేకులు అమ్మే వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. మంచి మనిషే. రెండు చేతులూ జోడించి, "కిందటి నెల రేకుల తాలూకు కొంచెం ఉందండీ. అది నేను వదిలేశాను. మాఫీ" అన్నాడు.

మసీదు పెద్ద తల ఊపి వెనక్కి తిరగబోయాడు. అప్పుడు తెర వెనక నుంచి పిన్ని గొంతు వచ్చింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. అయినా వాకిట్లో నిలబడ్డ ఆఖరి మనిషి దాకా వినపడింది.

"మాఫీ వద్దు బాబూ. ఆయన మీకు బాకీ ఉన్నారు. అది ఇప్పుడు నాది. నేను ఇత్తాను."

ఆవిడ అన్నయ్య తెర వైపు ఒక అడుగు వేసి, "మేం సూసుకుంటాం, నువ్వూరుకో" అన్నాడు.

"నేనే ఇత్తానన్నయ్యా" అంది ఆవిడ.

రేకుల వ్యాపారి ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడ్డాడు. తరవాత తెర వైపు తిరిగి, తల వంచి, "అలాగేనమ్మా, తీసుకుంటాను" అన్నాడు.

అప్పుడు పాడె ఎత్తారు.